బడిలో వృత్తి విద్యకు ఏటేటా నిధులు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. రాష్ట్ర బడ్జెట్ ప్రతిపాదనలు తయారవుతున్న ఈ రోజుల్లో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ జూనియర్ కళాశాలల్లోనూ నడుస్తున్న వృత్తి విద్యా కోర్సులకు ప్రజాధనం ఏ తీరున అందుతోంది, ఏ తీరున అందాలి అన్న విషయంపై నా అభిప్రాయాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, విద్యాశాఖ, ఆర్థికశాఖ అధికారుల ముందు ఉంచదలచుకున్నాను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. వృత్తి విద్యకు డబ్బు అసలే రావడం లేదని నేను అనను. వచ్చే డబ్బులో కంటికి కనిపించేది ఒక్కసారి కొని గదిలో పెట్టే సామగ్రికే సులువుగా మంజూరవుతోంది. నెలనెలా కావలసిన బోధకుడి జీతానికి, ఏటేటా కావలసిన ముడిసరుకుకు, మరమ్మతుకు మాత్రం ఎలాంటి భరోసా లేదు. ఈ లెక్క సరిచేయనంత కాలం ఎన్ని కొత్త కోర్సులు ప్రకటించినా పిల్లలకు పని చేతికి రాదని అనుభవంతో చెబుతున్నాను.

చదువుతో పాటు పని నేర్పాలన్న ఆలోచన తెలుగు నేలకు కొత్తది కాదు. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు గారు, వారి మిత్రులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకాల చదువుకు చేతిపనులను జోడించిన సంస్థ. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ ఇంకో అడుగు ముందుకు వేసి, వృత్తినే చదువుకు కేంద్రం చేసింది. పిల్లలు తయారుచేసే వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు, ముఖ్యంగా ఉపాధ్యాయుడి జీతం, వెళ్లిపోవాలని ఆయన ఆశించారు. ఆ పథకానికి రూపమిచ్చిన జాకీర్ హుస్సేన్ కమిటీయే, ఆర్థిక ప్రయోజనం మీద దృష్టి ఎక్కువైతే విద్యాపరమైన లక్ష్యం దెబ్బతినే ప్రమాదముందని హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఇప్పటికీ పనికొస్తుంది. పిల్లలు కుట్టిన సంచులు, పెంచిన నారు అమ్ముకుని వృత్తి విద్య ఖర్చు మీరే చూసుకోండని బడికి చెప్పడం మొదలుపెడితే, ఏది నేర్పాలన్న ప్రశ్న వెనక్కి పోయి ఏది అమ్ముడవుతుందన్న ప్రశ్న ముందుకొస్తుంది. నేర్చుకునే పిల్లవాడు పాడుచేసే హక్కు ఉన్నవాడు. గుడ్డ వంకరగా కత్తిరించి, దాన్ని పక్కన పడేసి, మరో ముక్క తీసుకునే వీలు అతనికి ఉండాలి. ఆ రెండో ముక్క ఖర్చు ప్రభుత్వానిదే కావాలి.

స్వాతంత్ర్యం తరువాత లక్ష్యాలకు కొదవ లేదు. 1952–53 నాటి మొదలియార్ కమిషన్ సాధారణ చదువుతో పాటు వృత్తి శాఖలూ ఉండే బహుళార్థసాధక పాఠశాలలు కావాలంది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ మాధ్యమిక విద్యను వృత్తిపరం చేయాలంది. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్ టూ స్థాయి విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతం మందిని, 1995 నాటికి 25 శాతం మందిని వృత్తి కోర్సుల్లోకి తీసుకురావాలని రాసుకుంది. 1988లో కేంద్ర ప్రాయోజిత పథకం కూడా మొదలైంది. 1992లో ఆ గడువులను 1995కి, 2000కి జరిపారు. తరువాత వచ్చిన 2020 జాతీయ విద్యా విధానం, 2025 నాటికి బడుల్లోనూ కళాశాలల్లోనూ చదివేవారిలో కనీసం 50 శాతం మందికి వృత్తి విద్యతో పరిచయం కలగాలంది. దేశంలో 19–24 ఏళ్ల వయసు కార్మికుల్లో క్రమబద్ధమైన వృత్తి విద్య పొందినవారు 5 శాతం కంటే తక్కువేనని, అదే జర్మనీలో 75 శాతమని, దక్షిణ కొరియాలో 96 శాతమని, పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాలను ఉటంకిస్తూ ఆ పత్రమే చెప్పుకొచ్చింది. ఇన్ని దశాబ్దాల్లో లక్ష్యం రాసినవారికి దూరదృష్టి లేకపోయిందని నేను అనుకోను. లక్ష్యం పక్కన దాన్ని నడిపే ఖర్చు రాయకపోవడమే లోపం. ఒక విధాన పత్రంలో శాతాలు వేయడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. ఆ శాతంలో చేరిన ప్రతి పిల్లవాడికీ ఏడాది పొడవునా ఒక మనిషి, ఒక బల్ల, కొంత సామాను సమకూర్చాలి.

ఇప్పుడు డబ్బు వచ్చే దారి సంగతి. 2018 నుంచి బడుల్లోని వృత్తి విద్య, బడి చదువుకు కేంద్ర, రాష్ట్రాలు కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో భాగమైంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు, నైపుణ్యాలను స్థాయిలవారీగా నిర్ణయించే, 2013లో నోటిఫై అయిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రానికి అనుగుణంగా ఈ కోర్సులు నడుస్తాయి. ఖర్చులో కేంద్రం 60 శాతం, మన రాష్ట్రాల వంటివి 40 శాతం భరించాలి; ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే కేంద్రం వాటా 90 శాతం. రాష్ట్రం ఏటా వార్షిక ప్రణాళిక పంపుతుంది, ఢిల్లీలో ప్రాజెక్టు ఆమోద మండలి దాన్ని పరిశీలించి మంజూరు చేస్తుంది, ఆపైన నిధులు విడతలవారీగా దిగుతాయి. కాగితం మీద ఇందులో పరికరాలకు, ముడిసరుకుకు, బోధకులకు, క్షేత్ర సందర్శనలకు, పరీక్షకు, ధ్రువీకరణకు వేరువేరు పద్దులు ఉన్నాయి. పద్దు ఉండటం ఒకటి, ఆ పద్దులోని డబ్బు పిల్లవాడు బల్ల దగ్గర నిలబడిన రోజుకు బడికి చేరడం ఇంకొకటి.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, బడి జూన్ రెండో వారంలో తెరుచుకుంటుంది. ప్రణాళిక ఆమోదం, కేంద్రం మొదటి విడత, దానికి రాష్ట్రం జతచేయాల్సిన వాటా, ఆపైన ఖజానా అనుమతి, ఇవన్నీ దాటి సొమ్ము కిందికి వచ్చేసరికి దసరా సెలవులు దగ్గరపడతాయి. కొన్ని సంవత్సరాలు సంక్రాంతి కూడా దాటుతుంది. అప్పుడు హఠాత్తుగా, మార్చి 31లోగా ఖర్చు చేసి, సొమ్ము ఖర్చయిందని ధ్రువీకరించే వినియోగ పత్రం పంపమని ఉత్తర్వు వస్తుంది. పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షల హడావుడిలో ఉండే నెలలో వారి ప్రాక్టికల్స్‌కు ముడిసరుకు కొనమంటే ఏ ప్రధానోపాధ్యాయుడైనా ఏం చేస్తాడు? కొన్న సరుకు బీరువాలోకి చేరుతుంది, వినియోగ పత్రం కార్యాలయానికి చేరుతుంది. అక్రమం ఎవరూ చేయలేదు, ఆడిట్‌లో అభ్యంతరమూ రాదు, కానీ ఆ ఏడాది పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. ఈ ఒక్క విషయాన్ని సరిచేయడానికి అదనంగా ఒక్క రూపాయి కూడా అవసరం లేదని గమనించాలి. జూన్ 1 నాటికి ముడిసరుకు సొమ్ములో సగమైనా రాష్ట్రం తన వాటా నుంచి ముందుగా బడి ఖాతాలో వేసి, కేంద్రం విడత వచ్చాక సర్దుబాటు చేసుకోవచ్చు.

పరికరం ఉండి సామాను లేకపోతే తరగతి ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను. ఎలక్ట్రానిక్స్ కోర్సులో పిల్లలకు మొదట నేర్పదగిన పనుల్లో పాడైన ఎల్‌ఈడీ బల్బును బాగుచేయడం ఒకటి. పైనున్న తెల్లటి మూత జాగ్రత్తగా ఊడదీయాలి. లోపలి పలకమీద చిన్న చిన్న ఎల్‌ఈడీలు వరుసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కటి కాలిపోయినా మొత్తం బల్బు ఆరిపోతుంది. మల్టీమీటరు కొనలు ఒక్కొక్కదాని మీద ఆనించి, వెలగనిది ఏదో పట్టుకుని, సోల్డరింగ్ ఐరన్‌తో దాన్ని తీసి కొత్తది అతకాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఇలా నల్లగా మారిన ఎల్‌ఈడీని తనంతట తానే కనిపెట్టి, వణికే చేతితోనే అతికించి, హోల్డరులో పెట్టి స్విచ్ వేసిన క్షణం ఆ గదిలో ఉన్న ఎవరికైనా వృత్తి విద్య ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు. అంతకు ముందు వారమే ఆ అమ్మాయి భౌతికశాస్త్రంలో శ్రేణి సంధానం పాఠం చదివింది. పుస్తకంలోని గీత ఆరోజు ఆమె చేతిలోకి వచ్చింది.

అదే గదిలో తరువాతి నెలలో ఆ తరగతి ఆగిపోయింది. సోల్డరు తీగ అయిపోయింది. మల్టీమీటరులోని తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయిపోయింది. ఈ రెండూ కలిపి చాలా చిన్న ఖర్చు. అయినా ఏ పద్దులో రాయాలో తెలియని ఖర్చు. బోధకుడు తన జేబులోంచి రెండుమూడుసార్లు తెచ్చాడు, ఆ తరువాత తనకే జీతం రాక ఆపేశాడు. అప్పటినుంచి పిల్లలు సోల్డరింగ్ విధానాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నారు. పరికరాల జాబితా ప్రకారం ఆ గదిలో లోటేమీ లేదు. తనిఖీకి ఎవరు వచ్చినా అన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇంటర్మీడియట్ వృత్తి విద్యలో ఇదే కష్టం ఇంకా తీవ్రంగా ఉంటుంది. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పేదింటి పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, త్వరగా ఉద్యోగం చూపించగల కోర్సుల్లో ఒకటి. అందులో రక్తపు పూత తీసి లీష్మన్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో కణాలను గుర్తించడం నేర్పాలి. సూక్ష్మదర్శిని ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. లీష్మన్ రంగు, గాజు పలకలు, సూదులు, చేతి తొడుగులు అలా ఉండవు. రసాయనాలకు కాలం తీరే తేదీ సీసా మీదే రాసి ఉంటుంది. పాతబడిన రంగుతో పూత వేస్తే కణాలు సరిగా కనబడవు, కనబడని దాన్ని చూశానని రికార్డులో బొమ్మ గీసే అలవాటు పిల్లలకు అక్కడే పడుతుంది. రేపు ఆ పిల్లవాడు ఆసుపత్రి ల్యాబులో కూర్చుని మన ఇంట్లోవాళ్ల రక్తం చూస్తాడు. కాబట్టి ఈ రసాయనాల ఖర్చును కళాశాల చిల్లర ఖర్చుగా చూడకూడదని, రోగి భద్రతకు సంబంధించిన ఖర్చుగా చూడాలని మనవి.

బడికి వచ్చే మిగతా నిధుల్లోంచి సర్దుకోవచ్చు కదా అనేవారు ఉంటారు. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 250 నుంచి 1000 మంది వరకు పిల్లలున్న పాఠశాలకు రోజువారీ అవసరాలన్నిటికీ కలిపి ఇచ్చే మిశ్రమ గ్రాంటు ఏడాదికి 75,000 రూపాయలు. అందులో కనీసం 10 శాతం పారిశుద్ధ్యానికి పోవాలి. మిగిలినదాంట్లో సుద్దముక్కలు, రిజిస్టర్లు, నీళ్ల మోటారు మరమ్మతు, కరెంటు బిల్లు, ప్రయోగశాల, ఆటవస్తువులు అన్నీ రావాలి. ఇందులోంచి వృత్తి విద్యకు తీస్తే సైన్సు ల్యాబుకు కోత పడుతుంది. ఒక పిల్లవాడి ప్రాక్టికల్ ఖర్చు ఇంకో పిల్లవాడి ప్రాక్టికల్‌లోంచి తీయమనడం సరైన పరిపాలన కాదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం బోధకుడు. వృత్తి విద్యా బోధకులను చాలాచోట్ల ప్రభుత్వం నేరుగా నియమించదు. శిక్షణ భాగస్వాములుగా పిలిచే ప్రైవేటు ఏజెన్సీలతో ఒప్పందం చేసుకుంటే, ఆ ఏజెన్సీలు మనుషులను పంపుతాయి. ఒప్పందం ఏడాదిలోపుదే. వేసవిలో జీతం ఉండదు. విద్యా సంవత్సరం మొదలై నెలలు గడిచినా ఒప్పందం పునరుద్ధరణ కాక బోధకుడు రాని సంవత్సరాలు ఉన్నాయి. వచ్చాక జీతం మూడు నాలుగు నెలలు నిలిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చే మొత్తంలో ఏజెన్సీ నిర్వహణ ఖర్చు పోను మనిషి చేతికి వచ్చేది ఎంతో ప్రధానోపాధ్యాయుడికి కూడా తెలియదు. ఆటోమొబైల్ పని నిజంగా తెలిసిన మెకానిక్‌కు బయట షెడ్డులో వచ్చే సంపాదన ఇంతకంటే ఎక్కువ, పైగా రోజు సాయంత్రానికి చేతికి వస్తుంది. అలాంటప్పుడు పని తెలిసినవాడు బడికి ఎందుకు వస్తాడు, వచ్చినా ఎందుకు నిలుస్తాడు? ఆ కష్టంలోనూ పిల్లల మీద ప్రేమతో నిలిచిన బోధకులను నేను చూశాను. వారి ఓర్పు మీద ఆధారపడి ప్రభుత్వ కార్యక్రమం నడపడం న్యాయం కాదు.

గణితం ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీ అయితే ఆ ఖాళీ శాఖ లెక్కల్లో కనిపిస్తుంది, డీఎస్సీలో చేరుతుంది, తల్లిదండ్రులు అడుగుతారు. వృత్తి విద్యకు మంజూరైన పోస్టే లేదు కనుక బోధకుడు లేకపోయినా అది ఖాళీ అనిపించుకోదు. సంఖ్యల్లో కోర్సు నడుస్తూనే ఉంటుంది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులోనే, వంద మందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత తరగతులకు కళా విద్య, ఆరోగ్య వ్యాయామ విద్యలతో పాటు పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. చట్టంలో రాసిన దానికే గౌరవ వేతనంతో, ఏడాదికేడాది పొడిగింపుతో నెట్టుకొస్తున్నాం. ఒకప్పుడు మన ఉన్నత పాఠశాలల్లో క్రాఫ్టు టీచరు, డ్రాయింగు టీచరు, కుట్టు టీచరు మిగతా ఉపాధ్యాయులతో సమానంగా స్టాఫ్ రూములో కూర్చునేవారు. వారు రిటైరైనకొద్దీ ఆ కుర్చీలు తీసేస్తూ వచ్చాం.

ఇతర దేశాలు ఈ పని ఎలా మొదలుపెట్టాయో చూస్తే ఒక విషయం తెలుస్తుంది. అమెరికాలో బడుల వృత్తి విద్యకు కేంద్ర ప్రభుత్వ నిధులు ఇచ్చిన తొలి ప్రధాన చట్టం 1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టం. అది డబ్బు ఇచ్చింది ప్రధానంగా వ్యవసాయం, పారిశ్రామిక వృత్తులు, గృహవిజ్ఞానం నేర్పే ఉపాధ్యాయుల జీతాలకు, అలాంటి ఉపాధ్యాయులను తయారుచేయడానికి. రాష్ట్రాలు అంతే మొత్తాన్ని జతచేయాలని షరతు పెట్టింది. భవనం, యంత్రం స్థానికులు చూసుకోగలరు, ఏటా జీతం ఇవ్వడమే కష్టం అన్న అంచనా అందులో ఉంది. ఆ చట్టంలో లోపాలు లేకపోలేదు, సాధారణ చదువును, వృత్తి చదువును రెండు గదులుగా విడగొట్టిందన్న విమర్శ దాని మీద ఉంది. అయినా మనిషి జీతంతో మొదలుపెట్టడం నేర్చుకోదగిన విషయమే. మనం యంత్రంతో మొదలుపెట్టి మనిషిని ఏజెన్సీకి వదిలేశాం.

మన దేశంలోనే ఇంతకంటే మెరుగైన నమూనా ఒకటి ఉంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు తమ చేతులతో ప్రయోగాలు చేసి నేర్చుకునే గది) పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల గ్రాంటు ఉంటుంది. అందులో 10 లక్షలు ల్యాబు ఏర్పాటుకు, మిగతా 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. కొన్నంత సొమ్ము నడపడానికీ కావాలని ముందే ఒప్పుకున్న పథకం అది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో, ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని ప్రకటించారు, సంతోషం. అదే సూత్రాన్ని, అంటే కొనుగోలుకు సమానంగా నిర్వహణ అన్న సూత్రాన్ని, ఆటోమొబైల్, వ్యవసాయం, కుట్టు, ఆరోగ్య సేవల కోర్సులకు వర్తింపజేయడానికి అడ్డేమిటో నాకు అర్థం కావడం లేదు.

ఐటీఐలు ఉన్నాయి కదా, బడిలో ఇదంతా ఎందుకు అన్న ప్రశ్న ఆర్థికశాఖ నుంచి తరచూ వస్తుంది. ఐటీఐల మీద ఖర్చు పెరగడం మంచిదే. 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం వెయ్యి ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు ఐదేళ్లలో 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో కేంద్రం 30,000 కోట్లు, రాష్ట్రాలు 20,000 కోట్లు, పరిశ్రమలు 10,000 కోట్లు భరించాలి. అయితే ఐటీఐలో చేరే పిల్లవాడు ఫిట్టరో, ఎలక్ట్రీషియనో ముందే ఎంచుకుని చేరాలి. తనకు ఏ పని నప్పుతుందో అతనికి తెలిసే వయసు, చోటు బడే. తొమ్మిదో తరగతిలో స్క్రూడ్రైవర్ పట్టని పిల్లవాడు పదో తరగతి తరువాత స్నేహితుడు ఏ ట్రేడు రాస్తే అదే రాస్తాడు, ఏడాది తరువాత మానేస్తాడు. ఐటీఐలో ఖాళీగా మిగిలే సీటు కూడా ప్రజాధనమే.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు వాడుకోవాలన్న సలహా కూడా వింటున్నాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కిందికి వచ్చే కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు వెచ్చించాలి, అందులో వృత్తి నైపుణ్యాలకూ చోటుంది. యంత్రం ఇస్తామంటే తీసుకోవాల్సిందే. కానీ కంపెనీలు ఉన్న జిల్లాకు వచ్చినంత సులువుగా ఆ సొమ్ము వెనుకబడిన జిల్లాకు రాదు. లాభం తగ్గిన ఏడాది తగ్గుతుంది. బోధకుడి జీతం దాని మీద ఆధారపడకూడదు.

మరో అభ్యంతరం ఉంది, అది వీటన్నిటికంటే గౌరవించదగినది. వృత్తి విద్య పేరుతో పేద పిల్లలను, వెనుకబడిన, దళిత వర్గాల పిల్లలను పెద్ద చదువుల దారి నుంచి తప్పిస్తారేమోనన్న భయం అది. ఆ భయానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం, ప్రాథమిక పాఠశాల పిల్లలు ఒక పూట బడికి వచ్చి, ఇంకో పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలన్న పథకం తెచ్చినప్పుడు, ఇది కులవృత్తిని పిల్లల నెత్తిన శాశ్వతంగా పెట్టడమేనని తీవ్రమైన ప్రతిఘటన వచ్చింది. 1954లో ఆ పథకాన్ని ఎత్తివేశారు. ఆ ప్రతిఘటన న్యాయమైనదని నేను నమ్ముతాను. ఆ పథకంలో బడి గంటలు తగ్గాయి, ఎంచుకునే స్వేచ్ఛ లేదు, ప్రభుత్వం కొత్తగా ఖర్చు పెట్టింది లేదు. ఇప్పుడు కావలసింది దానికి పూర్తిగా భిన్నం. పుట్టిన ఇంటితో సంబంధం లేకుండా పిల్లవాడు కోర్సు ఎంచుకోవాలి. గణితం, సైన్సు, భాషలు ఒక్క గంట కూడా తగ్గకుండా ఈ చదువు అదనంగా అందాలి. ఇంటర్ వృత్తి విద్య చదివినవారు బ్రిడ్జి కోర్సు (డిగ్రీలో చేరడానికి కావలసిన సబ్జెక్టులు నేర్పే అదనపు చదువు) పూర్తిచేసి డిగ్రీ చదువులకు వెళ్లే దారి తెరిచే ఉండాలి. ఇందులో ప్రతి ఒక్కటీ ఖర్చుతో కూడినది. బ్రిడ్జి కోర్సుకు అధ్యాపకుడిని ఇవ్వకుండా దారి తెరిచే ఉందనడం పిల్లలను నమ్మించి మోసం చేయడం అవుతుంది. తక్కువ డబ్బుతో నడిపే వృత్తి విద్య ఆ పాత భయాన్ని నిజం చేస్తుంది కనుకనే నేను నిధుల గురించి ఇంతగా పట్టుబడుతున్నాను. ఆడపిల్లల బడులకు కుట్టు, సౌందర్య సంరక్షణ, మగపిల్లలకు ఆటోమొబైల్ అని కోర్సులు పంచే అలవాటు కూడా మారాలి. పైన చెప్పిన ఎల్‌ఈడీ బల్బు బాగుచేసింది అమ్మాయే.

చదువు పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్ మాట. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 1986లో సవరించి ప్లస్ టూ వృత్తి విద్య చదివినవారికీ అందులో చోటు కల్పించారు. పరిశ్రమలు లేని మండలాల పిల్లలు ఆ అవకాశం అందుకోవాలంటే పట్టణంలో ఉండటానికి వసతి కావాలి. సంక్షేమ వసతిగృహాల్లో వారికి కొన్ని సీట్లు కేటాయిస్తే చాలావరకు తీరే సమస్య ఇది.

కాబట్టి రాబోయే బడ్జెట్‌లో ప్రభుత్వం చేయవలసినవి కొన్ని సూచిస్తున్నాను. వృత్తి విద్యా బోధకులకు మంజూరైన పోస్టులు సృష్టించి, అర్హతతో పాటు పని అనుభవాన్ని పరీక్షించి, జిల్లా స్థాయిలో నియమించి, జీతం ఏజెన్సీ ద్వారా కాక నేరుగా వారి ఖాతాలో పన్నెండు నెలలూ వేయాలి. ఇప్పటికే ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారికి ఆ నియామకంలో ప్రాధాన్యం ఇవ్వాలి. ముడిసరుకు సొమ్మును కోర్సుకు ఇంత అని కాక, ఒక్కో విద్యార్థికి ఇంత అని, కోర్సు స్వభావాన్ని బట్టి నిర్ణయించాలి, ఎందుకంటే రిటైల్ కోర్సుకు, వెల్డింగ్ కోర్సుకు అయ్యే ఖర్చు ఒకటి కాదు. వెల్డింగ్ రాడ్డు ఒక్కసారే కాలుతుంది. పరికరాలు కొన్న ప్రతిసారీ ఐదేళ్ల నిర్వహణ సొమ్మును అదే ఉత్తర్వులో మంజూరు చేయాలి. చిన్న కొనుగోళ్లకు ప్రధానోపాధ్యాయుడికి, పాఠశాల యాజమాన్య కమిటీకి అధికారం ఇచ్చి, ఏ బడికి ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న వివరాలు అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. తేదీ ముఖ్యం. ఎంత ఇచ్చారన్నది మాత్రమే చెప్పి ఎప్పుడు ఇచ్చారన్నది చెప్పని లెక్క బడికి ఉపయోగపడదు.

వీటికి డబ్బు ఎక్కడిదని అడిగితే, విద్యకు జాతీయాదాయంలో 6 శాతం కేటాయించాలన్న కొఠారీ కమిషన్ సిఫారసును 2020 విధానం కూడా తిరిగి చెప్పిందని గుర్తుచేస్తాను. అంతవరకు వెళ్లలేకపోయినా, కొత్త బడుల్లో కొత్త కోర్సులు ప్రారంభించే సొమ్మును ఈ ఒక్క ఏడాది ఆపి, ఇప్పటికే కోర్సులున్న బడుల్లో బోధకుడు లేని ప్రతి గదికి బోధకుడిని, సరుకు లేని ప్రతి గదికి సరుకును ముందుగా ఇవ్వవచ్చు. ప్రారంభోత్సవాల సంఖ్య తగ్గినా, నడిచే తరగతుల సంఖ్య పెరుగుతుంది. ఈ మేరకు జిల్లాలవారీగా ఏ బడిలో ఏ కోర్సుకు ప్రస్తుతం బోధకుడు ఉన్నాడో లేడో, బడ్జెట్ సమావేశాలకు ముందే విద్యాశాఖ ఒక జాబితా ప్రకటించాలని, శాసనసభ్యులు తమ నియోజకవర్గాల జాబితాను చూసి సభలో అడగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా